అయ్యవారి నాలుగు గంటలు

అయ్యవారు పోయిన కబురు నాకు తెచ్చింది పులివెందుల బస్సు కండక్టరు. ఒక మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో నా అంగడి ముందర బస్సు ఆపి, దిగకుండానే, ఫుట్‌బోర్డు మీద నుంచే కేకేసినాడు. "ఏమప్పా, వేములలో మీ అయ్యవారు పోయినాడంట. తెల్లారి కాఫీ ఇస్తే లేవలేదంట." బస్సు పోయింది. నా చేతిలో ఒరగల్లు ఉంది. దాని మీద ఎవరిదో గాజు అప్పుడే గీసినాను. ఆ గీత వైపే చూస్తా ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. గాజు తెచ్చినామె "మంచిదా కాదా చెప్పన్నా" అని మూడుసార్లు అడిగిందంట. నాకు వినపడలేదు.

ఆయన ఎవరో తెలియనివాళ్లకు చెప్తాను. ప్రొద్దుటూరులో ఒక బడిలో పదకొండేండ్లు లెక్కల అయ్యవారు. పురోహితుల ఇంట పుట్టిన మనిషి. నేను బంగారుపని ఇంట పుట్టి, ముప్పయ్యో ఏట వాక్యం పట్టుకొని, ఇంటివాళ్లకు కానివాణ్నయి, పగలు ఒరగల్లు, సాయంత్రం వీధిలో సువార్త అని బతుకుతున్నవాణ్ని. ఏ బైబిలు బడి గడపా తొక్కలేదు. నాకు చదువు చెప్పింది ఒక్క పుస్తకం, ఒక్క మనిషి. ఆ పుస్తకం గురించి ఇరవై ఏండ్లుగా నడివీధిలో అరుస్తున్నాను. ఆ మనిషి గురించి ఈ పొద్దు అరుస్తాను. ఆపేవాళ్లు ఆపండి.

ఆపేవాళ్లు ఉన్నారు. ఆ ఆదివారమే, ప్రార్థన అయినాక అయ్యవారి గురించి నాలుగు మాటలు చెప్తానని మా సంఘపెద్దను అడిగినాను. జమ్మలమడుగు మనిషి, నా భార్యకు మేనమామ.

"మన మతం కాదు గదప్పా. మన మందిరంలో ఆయన ఊసెందుకు?" అన్నాడు.

"ఆయన ఊసు కాదు మామా. ఆయన పట్ల నేను చేసిన తప్పు చెప్పల్ల."

"ఏం తప్పు?"

"చుక్క ప్రసంగం."

మామ చుట్టూ చూసి, నన్ను తలుపు చాటుకు లాగినాడు. "నోరు ముయ్యి. ఆ ప్రసంగం విని మందిరానికొచ్చినోల్లు ఎంతమంది! అది తప్పంటే వాళ్లు యాడికి పోతారు? చచ్చిపోయినాయన వచ్చి అడుగుతాండాడా నిన్ను? నాలుగు గంటల కోసం ఎవుడన్నా నరకానికి పోతాడా?"

"నేను పోతా మామా."

"అయితే పో. నా సంఘాన్ని తీసకపోవద్దు. ఆ మాట బయటికొస్తే మళ్లా నీకు ప్రసంగం ఉండదు, చెప్తాండా."

ప్రసంగం లేకపోతే నేనేం మనిషిని? ఊపిరి లేని కొలిమితిత్తిని. అయినా నేనేం చేసినానో చెప్పేముందు, ఆ నాలుగు గంటలేందో చెప్పాలి.

*

రాజధాని కర్నూలులో ఉన్న రోజులు. అయ్యవారు ఇంటావిడ కమ్మలు చెరిపించి చేయించడానికి నా అంగడికి వచ్చినారు. పాత కమ్మను ఒరగల్లు మీద గీసినాను. పక్కన, వన్నె తెలిసిన సూదులతో రెండు గీతలు గీసినాను. తెచ్చిన బంగారం గీత ఈ సూది గీతకన్నా మెరుగా, ఆ సూది గీతకన్నా తక్కువా అని కంటితో చూసి చెప్పడమే మా పని. ఆయన వంగి, కండ్లు చికిలించి చూసినారు.

"ఈ రెండు గీతలకూ తేడా యాడుందప్పా? నాకేం కనపడలేదే."

"ఉండాది సామీ. అర వన్నె."

"నిజంగా కనపడతాందా, ఊరికే అంటాండావా?"

"నాకు కూడు పెట్టేది ఈ కన్నే సామీ."

ఆయన కమ్మల మాట మరిచిపోయినారు. రాయిని అటు తిప్పి ఇటు తిప్పి, నా మొగం చూసి, "ఈ కన్ను సాయంత్రం పూట నాకు అరువిస్తావా?" అన్నారు. ఎడమకంట్లో శుక్లం కమ్మిందట, కుడికంట్లో మొదలైందట. ఆయన చూడాలనుకున్నది ఆయనకు కనపడకుండా పోతోంది. అది ఒక చుక్క.

దీపాలు పెట్టే వేళకు వాళ్ల మిద్దె ఎక్కినాను. శ్రవణ నక్షత్రం మూడు చుక్కలు అందరికీ తెలుసు. వాటికి కొంచెం దక్షిణంగా ఒక మామూలు చుక్క. దారిన పోయేవాడు దాన్ని రెండోసారి చూడడు. దానికి అటొకటి ఇటొకటి ఇంకో రెండు చుక్కలు చూపించి అయ్యవారు అన్నారు. "ఇవి మారవు. ఇవి నీ సూదులు. నడుమ ఉండేది తెచ్చిన బంగారం. గీయి."

గీసినాను. ఆ పెద్ద సూదికన్నా ఒక పాలు తక్కువ, చిన్న సూదికన్నా మూడు పాళ్లు ఎక్కువ అన్నాను. ఆయన రాసుకున్నారు. మర్నాడు తగ్గింది. ఆ మర్నాడు ఇంకా తగ్గింది. అయిదు దినాలు కరిగి కరిగి, రెండు దినాల్లో దబదబ ఎక్కి మళ్లా నిండింది. నాకు ఒళ్లు జలదరించింది. చిన్నప్పటి నుంచి తల మీద ఉన్న చుక్క బతికున్నదని ఎవరూ నాకు చెప్పలేదు.

"ఎందుకిట్ల సామీ?"

"నీ కొలిమితిత్తి ఎట్ల? ఉబ్బుతాది, ముడుచుకుంటాది. ఇదీ అంతే. చుక్క ఒళ్లే ఉబ్బి ముడుచుకుంటాంది. దాంతో వెలుగు పెరిగి తగ్గుతాంది."

ఆయనకు కొన్ని పట్టుదలలు ఉండేవి. ముందు నేను నా అంచనా నోటితో చెప్పాలి, తర్వాతే ఆయన పుస్తకం తెరిచేవారు. నిన్న ఎంత చెప్పినానో నాకు చూపించరు. "చూపిస్తే నీ కన్ను నిన్నటికి మర్యాద చేస్తాది" అనేవారు. మబ్బు పట్టిన దినం మబ్బు అని రాసేవారు. ఒకసారి నేను, "ఈ పొద్దు ఇంతుంటుందిలే, నాకు తెలుసు, రాసుకో సామీ" అన్నాను. ఆయన కలం మూసేసినారు. "చూడని దినం చూడలేదని రాయి. దానికి సిగ్గేంది?"

ఆయన ఇంటావిడ మిద్దె మెట్ల మీద మజ్జిగ చెంబు పెట్టి నన్ను ఎత్తిపొడిచేది. "ఏమప్పా ప్రసంగీకుడా, మీ దేవుడు వారానికొక దినమన్నా పని మానుకున్నాడంటివే. ఈయన ఒక దినమూ మానుకోడు. కొంచెం మీ మతంలో కలుపుకోరాదా?" నేను నవ్వేవాణ్ని. ఆమెతో నవ్వితే అయిపోతుందని తెలియక, నేనొకసారి ఆయనకు వాక్యం చూపించినాను. ఆకాశాన్ని జానతో కొలిచిందెవరని దేవుడు అడిగిన చోటు. "మనిషికి ఈ కొలతలెందుకు సామీ, గర్వం కాదా?" అన్నాను. ఆయన ఆలోచించి అన్నారు. "అడిగినాడు గదా. అడిగినాయనకు జవాబు చెప్పడం మర్యాద గదప్పా."

కొలత సంగతి ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ కండ్ల ముందరే ఉంది. వీధిలో పెండ్లి ఊరేగింపు పోతోంది. తలకాయల మీద పెట్రోమాక్సు దీపాలు. "ఆ మూలకు పోయిన దీపం మసగ్గా ఉంది. చిన్న దీపమా, దూరంగా ఉన్న పెద్ద దీపమా?" అని అడిగినారు. ఈడి నుంచి ఎట్ల చెప్పేది అన్నాను. "దాని క్యాండిల్ పవరు తెలిస్తే చెప్పొచ్చు. రెండింతల దూరం పోతే వెలుగు నాలుగో వంతవుతాది. ఎంత మసకబారిందో చూసి ఎంత దూరమో చెప్పొచ్చు. చుక్కలకు క్యాండిల్ పవరు ఎవరూ రాసిపెట్టలేదు. కానీ ఈ ఉబ్బి ముడుచుకునే చుక్కలున్నాయే, ఇవి వాటి పవరు అవే చెప్తాయి. చిన్న దీపం బిరబిర ఊపిరి తీస్తాది. పెద్ద దీపం నిదానంగా తీస్తాది. ఒక్కో ఊపిరికి ఎన్ని దినాలో కచ్చితంగా తెలిస్తే చాలు, దూరం చేతికొచ్చినట్టే."

కచ్చితంగా. ఆ మాటను ఆయన ఒత్తి పలికినారు. నేను ఒత్తి వినలేదు.

*

నేను విన్నదల్లా ఏడు. ఏడు దినాలకొకసారి నిండే చుక్క! సృష్టి వారం దేవుడు ఆకాశంలో వేలాడదీసిన గడియారం! మొదటి చుట్టుకే నేను ఎగిరి గంతేసినాను. అయ్యవారు నా భుజం పట్టి కూర్చోబెట్టి, "ఒక్క చుట్టుతో తేలదు. ముప్పై చుట్లు పోనీ" అన్నారు.

ముప్పై చుట్లు పోయినాయి. సాయంత్రాలు కనపడనప్పుడు తెల్లవారుజాముల్లో లేచి చూసినాం. ఆయన పుస్తకం తిప్పి నా ముందర పెట్టినారు. "ఏడుకొకటైతే ముప్పై చుట్లకు రెండు వందల పది దినాలు కావాల. అయినవి రెండు వందల పదహైదు. ఆ ఐదు దినాలు యాడ పెడతావు? ముప్పైకీ పంచు. చుట్టుకు నాలుగు గంటలొస్తాది, పైన కొంచెం. ఏడు దినాల నాలుగు గంటలు. అదీ దీని లెక్క."

నేను ఆ నాలుగు గంటలను ఏం చేసినానో చెప్తాను, బంగారుపని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. కరిగించినప్పుడు, ఆకురాయితో రాకినప్పుడు కొంత పొడి పోతుంది. దాన్ని తరుగు అంటాం. ప్రతి నగకూ తరుగు తీస్తాం. నా తాత తీసినాడు, నాయన తీసినాడు, నేను తీసినాను. ఎవరూ నొచ్చుకోరు. అదే చెయ్యి, అదే అలవాటు. నాలుగు గంటలు తరుగు కింద తీసేసినాను. ఏడు దినాలు మెరుగు పెట్టి, కరపత్రం అచ్చు వేయించినాను. విశ్రాంతిదినాన్ని ఆచరించే చుక్క, ప్రతి ఆదివారం నిండుగా వెలుగుతుంది, ఇది మా మాట కాదు, ఈ ఊరి లెక్కల అయ్యవారు, పురోహితుల వంశం వారు, స్వయంగా కొలిచి సాక్ష్యమిచ్చినారు అని. ఆ నెల అది నిజంగానే ఆదివారం నిండుతోంది. ఆయన్ను అడగలేదు. అడిగితే కాదంటారని తెలుసు గనుక అడగలేదు.

కరపత్రం ఆయన చేతికి నేనే ఇచ్చినాను, పొగుడుతారనుకున్న పిచ్చివాణ్ని. కుడికంటికి ఆనించుకొని చదివినారు. మడిచి జేబులో పెట్టుకున్నారు. "ఆకాశంలో తరుగు లేదప్పా" అన్నారు. మళ్లా కొంచెంసేపటికి, "ఆరు వారాలాగు. నీ ఆదివారం సోమవారమవుతాది" అన్నారు.

ఆరు వారాలకు నేను పులివెందులలో ఉన్నాను. మైదానం నిండా జనం. చుక్క ప్రసంగం చెప్పమని ఊర్లు పిలుస్తున్న కాలం. ప్రసంగం నడుమ ఒక గొర్రెల కాపరి, భుజాన కంబళి, లేచి నిలబడినాడు. "సామీ, ఒక మాట. నిన్న ఆదివారం గదా. నిన్నటికన్నా ఈ పొద్దే ఎక్కువుండాది చుక్క." వాని కన్ను నా కన్నంత మంచిది. నాకూ కనపడుతోంది, నెత్తిమీదే ఉంది. నేనేమన్నానో తెలుసా? "కండ్లు కడుక్కొని రా పో" అన్నాను. జనం నవ్వినారు. వాడు కంబళి సర్దుకొని కూర్చున్నాడు. తప్పుడు తూనికరాయి దేవునికి అసహ్యమని వెయ్యిసార్లు చెప్పిన నోరు ఇదే.

*

రాజధాని హైదరాబాదుకు మారిన ఆ కార్తీకంలో, కరపత్రం బడి కమిటీ చేతికి పోయింది. మతం మార్చేవాళ్లకు సాక్ష్యమిచ్చే అయ్యవారు మా పిల్లలకొద్దన్నారు కొందరు. ఆయన్ను పిలిపించినారు. ముందుదినం ఆయన నాకు కబురు పంపినారు. వచ్చి ఒక్కమాట చెప్పు, నన్ను అడగకుండా నువ్వే రాసినావని. అంతే.

పోయినాను. బడి వాకిలి దాకా పోయినాను. వాకిలికి ఎదురుగా సోడా అంగడి ఉంది. ఒక సోడా కొట్టించుకొని అక్కడే నిలబడినాను. లోపలికి పోయి తప్పని ఒప్పుకుంటే, మర్నాడు పులివెందులలో నా ప్రసంగం ఎవడు వింటాడు? కిటికీ తెరిచే ఉంది. అన్నీ వినపడినాయి.

"ఏం అయ్యవారూ, ఈ కాగితంలో ఉండేది మీరేనా?" కమిటీ పెద్ద గొంతు. పెద్ద సేద్యగాడు, పది ఊర్లకు పంచాయితీ చెప్పే మనిషి.

"నేనే."

"పాదిరోల్లకు సాక్ష్యం చెప్తిరా?"

"చుక్కకు చెప్పినా. కాగితానికి చెప్పలేదు."

"సరే. ఆ బంగారుపనోడు అబద్ధాలకోరు, వానికీ నాకూ సంబంధం లేదు, నేను ఏ చుక్కా కొలవలేదు అని రాసియ్యండి. ఈడికైపోతాది."

"కొలిచినా గదప్పా. కొలవలేదని ఎట్ల రాసేది? ఆ మనిషి కన్ను నా కంటికన్నా నిజమైంది. చూసింది సరిగ్గా చూసినాడు. నాలుగు గంటలు ఎగరగొట్టినాడు. కావాలంటే అది రాసిస్తా."

"ఉద్యోగం పోతాంటే నాలుగు గంటలేంది సామీ!"

"పిల్లోల్ల లెక్కలో ఒక్క అంకె తప్పితే పది మార్కులు కొట్టేసినా ఇన్నేండ్లు. నాకెవరు కొట్టెయ్యల్ల?"

ఒకరిద్దరు నవ్వినారు. కమిటీ పెద్ద నవ్వలేదు. "నేను చదువుకోనోన్ని. నాకు తెలిసింది ఒకటే. మీరు రాయకపోతే రేపు బడికి రావద్దు."

ఆయన బయటికి వచ్చినారు. మెట్లు తడుముకుంటా దిగి, రోడ్డు దాటి, సోడా అంగడి దగ్గర ఆగినారు. నా చేతిలో సోడాబుడ్డి. చలిమంట దగ్గర నిలబడి, ప్రభువెవరో నాకు తెలీదని కోడి కూసేలోపల మూడుసార్లు బొంకిన శిష్యుణ్ని ఎన్ని ప్రసంగాల్లో చీల్చి చెండాడినానో! వాడు మేలు. వానికి కోడి కూసింది, ఏడ్చినాడు. నాకు ఏ కోడీ కూయలేదు.

అయ్యవారు నన్ను మందలించలేదు. తల ఎత్తి, కనపడని కంటితో ఆకాశం చూసి అన్నారు. "ఈ పొద్దు మబ్బు లేనట్టుంది. ఆరున్నరకు రా."

*

వేములకు మారినారు. ఇంటావిడ పుట్టినూరు అది. వసారాలో పిల్లలకు లెక్కలు చెప్పేవారు. చెప్పినదానికి సజ్జలో జొన్నలో తెచ్చేవాళ్లు. నేను వారానికి ఒకసారైనా బస్సెక్కి పోయి మూడు నాలుగు సాయంత్రాలు ఉండేవాణ్ని. మిగతా దినాలవి ఈడ చూసి కార్డు మీద రాసి పంపేవాణ్ని. కమిటీ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. కొత్త పుస్తకం మొదలుపెట్టినప్పుడు మాత్రం మొదటి పేజీలో చుట్టు లెక్క రాసి, చదవమని నాకిచ్చేవారు. "ఏడు దినాల నాలుగు గంటలు" అని నేను పైకి చదివితే, "ఊ" అనేవారు. వసారాలో చదివినంత గట్టిగా మైదానంలో ఎందుకు చదవవని అడగలేదు. అడిగి ఉంటే బాగుండు.

ఒక సాయంత్రం పోయేసరికి అరుగు నిండా పోస్టుకార్డులు. ఆయన కార్డును ముక్కుకు ఆనించి, అంతంత అక్షరాలతో రాస్తున్నారు. ఇంటావిడ నన్ను చూసి నెత్తి కొట్టుకుంది. "చూడప్పా ఈయన పిచ్చి! చదువు చెప్పిన పిల్లోల్లందరికీ కార్డులు. తప్పు చెప్పినాడంట ఎప్పుడో."

సంగతేమంటే, మద్రాసులో చదివే పాత శిష్యుడొకడు పత్రిక పంపినాడు. ఈ చుక్కల క్యాండిల్ పవరును లోకంలో అందరూ తక్కువగా లెక్కేసినారట. అమెరికాలో పెద్ద అద్దమున్న దుర్భిణితో చూసి కనుక్కున్నారట. దీపం అనుకున్నదానికన్నా పెద్దదైతే, ఇంతే మసగ్గా కనపడాలంటే అది ఇంకా దూరంలో ఉండాలి. మన చుక్క అయిదు వందల డెబ్బై కాంతిసంవత్సరాల దూరమని అయ్యవారు లెక్కేసి, పిల్లలతో నోటు పుస్తకాల్లో రాయించినారు. ఇప్పుడది రెండింతలు, పదకొండు వందలు దాటింది. కార్డు మీద ఇట్ల ఉంది. నీ పుస్తకంలో శ్రవణం పక్క చుక్క దూరం తప్పు. తప్పు నీది కాదు, నాది. కొట్టేసి రెండింతలు వేసుకో.

"వాళ్లు బిడ్డల తండ్రులైనారు సామీ. ఆ పుస్తకాలు యాడుంటాయి?" అన్నాను.

"శెట్టి అంగట్లో పొట్లాలు కట్టుంటారు" అంది ఆమె.

"పొట్లం విప్పినోడు చదివింటాడు గదే" అన్నారు ఆయన, తల ఎత్తకుండా.

నాకు ఎగతాళి పుట్టింది. "ఏం సామీ, మీ శాస్త్రం రాత్రికి రాత్రి రెండింతలైపాయె! మా వాక్యం చూడు, ఒక పొల్లు మారదు."

ఆయన కార్డు కింద పెట్టినారు. "వాక్యం సంగతి నాకు తెలీదప్పా. నీ కరపత్రం ఇప్పుడు ఎన్నో అచ్చు?"

మూడో అచ్చు. చెప్పలేక, కార్డులకు అడ్రసులు రాసిస్తానని కూర్చున్నాను. పొద్దుగూకేదాకా రాసినాను. ఆమె దీపం తెచ్చిపెట్టింది. చుక్క వెలుగు పదకొండు వందల ఏండ్ల కింద బయల్దేరిందని నాకప్పుడు తట్టి, అప్పుడు ఈడ ఎవరుండిరి సామీ అని అడిగినాను. "ఎవరో ఉండిరి. మీవాళ్లూ మావాళ్లూ మాత్రం ఇంకా కొట్లాట మొదలుపెట్టలేదు" అన్నారు.

పోయిన శ్రావణానికి రెండు కండ్లూ పోయినాయి. అయినా మిద్దె ఎక్కేవారు. నేను చూసి చెప్పేవాణ్ని, ఆయన వింటా నిండిందో కరుగుతోందో చేత్తో గాలిలో ఎక్కించి దించేవారు. చివరిసారి మబ్బు కమ్మింది. ఏం చెయ్యాలన్నాను. "మబ్బని రాయి. నేను లేని దినం కూడా అట్లే రాయి" అన్నారు. అంతకుమించి చివరి మాటలేం లేవు. గొప్ప మాటలు ఆయన చెప్పలేదు. నేను అతికించను.

*

కబురు తెలిసిన దినం నేను వేముల చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటావిడ వసారాలో కూర్చొని ఉంది. పుస్తకాల కట్ట నా ముందుకు తోసింది. నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు.

"ఆయన నిన్ను ఒక్కమాట అనలేదప్పా. నేనంటా, విను. నా కమ్మలు బాగ చేసినావు. ఆయన మాట చెరిపినావు. దాన్నెప్పుడు చేసిస్తావు?"

బస్సులో కట్ట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. తొమ్మిదేండ్ల చుక్క. మబ్బు దినాలతో సహా.

మామ వద్దన్నాడని మొదటే చెప్పినాను. ప్రొద్దుటూరులో నోరు మూయించినాడు. ఆ తర్వాతి వారం జమ్మలమడుగులో, మామ ఊర్లోనే, సువార్త కూటాలు. చుక్క ప్రసంగం నాదే. పెన్న ఒడ్డున పందిరి, అంచుల దాకా జనం, వేదిక మీద మామ. పొద్దు అప్పుడే గూకింది. లేచినాను. వాక్యం తెరిచి అబద్ధ సాక్ష్యం ఆజ్ఞ చదివినాను. మూసినాను.

"ఆ ఆజ్ఞ మీరిన మనిషి మీ ముందర నిలబడి ఉన్నాడు" అన్నాను. "ఆ చుక్క ఏడు దినాలకు నిండదు. ఏడు దినాల నాలుగు గంటలకు నిండుతాది. ఆ నాలుగు గంటలు నేను దొంగిలించినా. దొంగిలించి, ఒక సత్యవంతుని సాక్ష్యమని చెప్పి అమ్మినా. ఆయన ఉద్యోగం పోతాంటే ఎదురుగా నిలబడి సోడా తాగినా. పులివెందులలో నిజం చెప్పిన గొర్రెల కాపరిని కండ్లు కడుక్కోమన్నా. నేను కడుక్కోవాల్సిన కండ్లు ఇవి!"

"కూర్చోప్పా!" అన్నాడు మామ వెనక నుంచి. పంచె పట్టి లాగినాడు.

"కూర్చోను మామా! దేవుడు దాన్ని ఏడు దినాల నాలుగు గంటలకు పెట్టినాడు. నా ప్రసంగానికి సరిపోలేదని దేవుని పని చెక్కి సరిచేసే మొనగాణ్నా నేను? నాలుగు గంటలు ఎక్కువైతే కూలిపోయే విశ్వాసం విశ్వాసమేనా? కూలనీండి. మళ్లా కడదాం, ఈసారి తరుగు తీయకుండా."

సగం మంది లేచిపోయినారు. ఒకడు చీత్కరించి ఉమ్మినాడు. మామ మైకు ఊడబెరికి, ఈయన ఈ పొద్దు నుంచి మా ప్రసంగీకుడు కాదు అని అక్కడికక్కడే చెప్పినాడు. మంచిదే. మందిరం ఇవ్వకపోతే వీధి ఉంది, సంఘ పత్రిక వేయకపోతే ప్రొద్దుటూరులో అచ్చు యంత్రం ఉంది. కరపత్రం పంచిన వీధుల్లోనే ఈ కాగితమూ పంచుతాను. పట్టుకోండి, చించండి, మీ ఇష్టం. ఆయన మాట నేను చేసిచ్చినాను.

వేదిక దిగుతాంటే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది. ఎవరో తెలీదు. "అయితే అది మళ్లా నిండేదెప్పుడు నాయినా?" అని అడిగింది. అట్ల ఎవరూ అడగలేదు నన్ను ఎన్నడూ. వెంట తెచ్చుకున్న అయ్యవారి పుస్తకాల కట్ట విప్పి, దీపం కింద లెక్క కట్టి చెప్పినాను. "గురువారం పొద్దుగూకినాక చూడవ్వా."

గురువారం నేను పెన్న ఇసుకలోకి ఒక్కణ్నే పోయినాను. కాసేపటికి ఒకరొకరుగా వచ్చినారు. మగ్గాలు దిగి వచ్చినవాళ్లు, చంకలో బిడ్డలతో ఆడవాళ్లు, ఇద్దరు తురకల పిల్లలు. వేదిక లేదు, వాక్యం లేదు, నేనేం చెప్పలేదు. సూది చుక్కలు రెండూ ఏవో చూపించి పక్కకు జరిగినాను. వాళ్లే కొట్లాడుకోవడం మొదలుపెట్టినారు. "ఇదే మెరుగు." "కాదు, కింద ఉండేది." "యాడ్రా, కండ్లున్నాయా నీకు?" ఆ గోలకు దూరంగా ఇసుకలో ఆ ముసలామె నిలబడి ఉంది, ఎండకు పట్టుకున్నట్టు అరచెయ్యి నొసటికి అడ్డం పెట్టుకొని, పెదవులు కదలకుండా, తల పూర్తిగా వెనక్కి వాల్చి.